అమావాస్య నాటి మగ్గం చప్పుడు

మా అత్త శారదమ్మకు అనుమానం ఎక్కువని మా ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఆమె మాత్రం ఒప్పుకోదు. "అనుమానం గాదే, జాగ్రత్త" అంటుంది. ఆ జాగ్రత్త ఎలాంటిదంటే, గ్యాస్ బండ ఎత్తి బరువు చూసేదాకా తెచ్చినతన్ని గడప దాటనివ్వదు. పాలాయన ఎదుటే పాల చుక్క గోటి మీద వేసి అది జారుతుందా నిలుస్తుందా అని చూస్తుంది. దవాఖానలో రాసిచ్చిన గోళీలను ఒక దుకాణంలో కొని, ఇంకో దుకాణానికి పట్టుకెళ్లి "ఇవి దేనికి వాడుతరు బిడ్డా?" అని అడుగుతుంది. నేను కోడలిగా వచ్చిన కొత్తలో కూరలో ఉప్పు వేసేటప్పుడల్లా వచ్చి నా వెనుక నిలబడేది. ఎందుకత్తమ్మా అంటే, "ఏమో, చూడబుద్ధయింది" అనేది.

మాది రామన్నపేట దగ్గర ఊరు. మా వాడంతా పద్మశాలీలమే. మా మామ, ఆయన తమ్ముడు సిద్దయ్య పాత ఇంటిని మధ్య గోడ పెట్టి పంచుకున్నారు. మామ పోయాడు. గోడకు ఇవతల మేం, అవతల చిన్నమామ సిద్దయ్య. పెరట్లో రెండిళ్లకూ మధ్య ఒక చిన్న తలుపు ఉండేది. దానికి మేకులు కొట్టి ఏళ్లయింది.

ఆ మేకుల కథ చెప్పాలి. తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఆయన రాజేందర్ మగ్గం మానేసి చౌటుప్పల్ దిక్కు మందుల కంపెనీలో చేరాడు. మగ్గం మీద బతుకు గడవడం లేదు, పిల్ల పుట్టింది, ఏం చేస్తాడు? అప్పుడు కుల సంఘంలో సిద్దయ్య మాటకు ఎదురు లేదు. మార్కండేయ గుడి దగ్గర అందరినీ కూర్చోబెట్టి, మా ఆయన్ను మధ్యలో నిలబెట్టాడు.

"మగ్గం గుంటల కాళ్లు పెట్టి పెరిగినోనివి. రేపటి సంది గేటుకాడ కార్డు చూపెట్టి లోపలికి పోతవా? మగ్గం ఇడిసినోడు నా గడప తొక్కొద్దు" అన్నాడు.

మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఇంటికొచ్చి అత్త సుత్తె తీసుకుని పెరటి తలుపుకు మేకులు దిగ్గొట్టింది. ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే కోరిక. అదే గుడి దగ్గర, అదే జాగాలో సిద్దయ్య తల వంచుకుని నిలబడాలి. తాను కళ్లారా చూడాలి. పండుగకు దండం పెట్టుకున్నా ఆమె దేవుణ్ని అడిగేది ఇదేనని నాకు గట్టి నమ్మకం.

కరోనా వచ్చిన ఏడు సిద్దయ్య భార్య ఉప్పలమ్మ పోయింది. కూతురు భాగ్యశ్రీని ఆలంపూర్ దిక్కు ఇచ్చారు. ఆయన ఒక్కడే మిగిలాడు. దినాలకు వెళ్లి వచ్చాం గానీ మేకులు మాత్రం అలాగే ఉండిపోయాయి.

అత్త ఇప్పటికీ వాడలోని వాళ్లకు నూలు కండెలు చుట్టి ఇస్తుంది. మధ్య గోడకు వీపు ఆనించి కూర్చోవడం ఆమెకు అలవాటు. ఒక రోజు రాట్నం ఆపి నన్ను పిలిచింది.

"రోజా, ఇటు రా. జర విను."

విన్నాను. గోడవతల మగ్గం ఆడుతోంది. "ఏముందత్తమ్మా, చిన్నమామ నేస్తుండు" అన్నాను.

"దగ్గు ఏది?"

నాకు అర్థం కాలేదు.

"వాడు నేస్తే కాసేపటికోసారి మగ్గం ఆగుతది. పోగు తెగుతది, అతుకుతడు. దగ్గుతడు. బీడీ ముట్టిస్తడు. పొద్దటి సంది చూస్తున్న, ఒక్క పోగు తెగలే."

"మంచి నూలు తెచ్చిండేమో."

"మంచి నూలైతే దగ్గు గూడ పోతదా?" అంది.

ఆమె గొంతు తగ్గించి, గోడకు చెవులున్నట్టు అటు చూసి, "మరమగ్గం తెచ్చిండు" అంది.

మా వాడలో అది చిన్న మాట కాదు. కరెంటు మగ్గం ఒకటి వస్తే ఎన్ని గుంట మగ్గాలు మూతపడతాయో మాకు తెలుసు. అందుకే ఎవరూ తేకూడదని, తెచ్చినవాళ్లతో సంఘానికి సంబంధం ఉండదని మార్కండేయుడి ముందు అందరిచేతా ప్రమాణం చేయించారు. చేయించింది ఎవరనుకున్నారు? సిద్దయ్యే. అత్త ముఖంలో భయం వెతికాను గానీ కనబడలేదు. అక్కడ ఉన్నది సంబరం.

అప్పటి నుంచి మా ఇంట్లో దర్యాప్తు మొదలైంది. సిద్దయ్య చేనేత సొసైటీలో నూలు తీసుకోవడం మానేశాడని తెలిసింది. అడిగితే, పట్నంలో ఒక సేటుకు నేస్తున్నా, నూలు ఆయనే పంపుతాడు అన్నాడట. ఆ సేటును చూసినవాళ్లు లేరు. నేసిన చీర చూసినవాళ్లూ లేరు. అత్త ఆయన ఇంటి ముందు చెత్త కూడా చూసి వచ్చింది. ఒక్క పోగు ముక్క కనబడలేదట. "చూసినవా, ఆనవాళ్లు లేకుండ కాలవెడుతుండు" అంది. పోగు ముక్కలు దొరికి ఉంటే కూడా అదే మాట అనేదేమో.

పొద్దున్నే ఇంకో వింత. మగ్గం మొదలయ్యే ముందు కాసేపు ఇనుప గొట్టాలు కొట్టినట్టు చప్పుడొచ్చేది. తర్వాత టక్కున ఆగి, మగ్గం అందుకునేది. నేను కూడా విన్నాను. "మోటరు చాలు చేస్తుండు" అని అత్త తేల్చేసింది. మరి కరెంటు మీటరు చూస్తే అంకెలు కదలడం లేదు. దానికీ జవాబు ఉంది. కరెంటు దొంగతనం. స్తంభానికి కొక్కేలు ఏమైనా తగిలించాడేమో చూసి రమ్మని నన్ను పంపింది. నేను నడివీధిలో నిలబడి ఆకాశంలోకి చూస్తుంటే, "ఏమైంది రోజారమణీ, గద్ద పోతాందా?" అని పక్కింటివాళ్లు నవ్వారు.

నవ్వితే నవ్వారు గానీ, అప్పటికి నాకూ అనుమానం పురుగు కుట్టింది. ఆయన ముందు తలుపు పొద్దంతా మూసే ఉంటోంది. పోపు వాసన రాదు. బోరింగు దగ్గర కనబడడు. మగ్గం మాత్రం ఆడుతూనే ఉంటుంది. మనిషి తినకుండా, తాగకుండా ఎలా నేస్తాడు? మా ఆయనతో అంటే విసుక్కున్నాడు. "ఆయన సంగతి మనకెందుకు? నడుస్తున్నది నడవనీయుండ్రి" అన్నాడు. ఆయనది అలాంటి మనసు. నాకైతే కోపమొచ్చింది. అంత అవమానం చేసినవాణ్ని వెనకేసుకొస్తాడేంటి?

ఒక సాయంత్రం కిరాణా దుకాణం దగ్గర సిద్దయ్య ఎదురుపడ్డాడు. అత్త ఏళ్ల తర్వాత తనంత తానే పలకరించింది.

"పని బాగ నడుస్తున్నట్టుంది సిద్దయ్యా?"

"నడుస్తుంది వదినె."

"ఏం నేస్తున్నవ్?"

"చీరెలే."

"ఏ రంగు?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "ఎరుపు" అని, సామాను తీసుకుని గబగబా వెళ్లిపోయాడు. అత్త చూపు ఆయన ముఖం మీద లేదు, కాళ్ల మీద ఉంది. దారిలో నా చెయ్యి గిల్లింది.

"చూసినవా? కాళ్లకు సాక్సుల గీతలు పడ్డయి. గుంట మగ్గం నేసెటోనికి సాక్సులెందుకే?"

"ఎందుకు?"

"షాకు కొట్టకుండ బూట్లు ఏసుకుంటుండు. కరెంటు మగ్గమే. ఇగ నాకు ఫికర్ లేదు" అంది. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది.

తర్వాత వచ్చిన అమావాస్య నాడు వాడంతా వీధిలోకి వచ్చింది. అమావాస్య రోజు మా దగ్గర ఎవరూ మగ్గం గుంటలో దిగరు. మగ్గం తుడిచి, ఊదుబత్తి వెలిగించి మొక్కుతారు, అంతే. అత్తయితే ఆ రోజు రాట్నం మీద చెయ్యి వేసినవాళ్లతో కూడా పోట్లాడుతుంది. వాడ అంతటా చప్పుడు లేని ఆ పొద్దున, సిద్దయ్య ఇంట్లో మగ్గం టకటకా ఆడుతోంది.

జనం గుమిగూడారు. సంఘం పెద్ద విజేందర్ వచ్చాడు, ముసలి లింగయ్య వచ్చాడు. తలుపు కొట్టారు. "సిద్దయ్యా! ఓ సిద్దయ్యా!" అని అరిచారు. పలుకు లేదు. మగ్గం ఆగలేదు. లోపల ఏం జరిగిందో అని కొందరు, కావాలనే తీయడం లేదని కొందరు అన్నారు. "తలుపు పలగొడుదాం" అన్నాడు విజేందర్.

"ఆగు. పెరట్ల దర్వాజ ఉంది, నేను పోతా" అంది అత్త. ఆ మాట ఎన్నాళ్ల నుంచి నాలుక మీద పెట్టుకుందో! సుత్తె పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తింది. ఆ వయసులో ఆ మేకులు ఎలా పీకిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నేను వెనకాలే వెళ్లాను. అవతలి పెరటి గుమ్మానికి గొళ్లెం మాత్రమే ఉంది, తాళం లేదు.

లోపల మనిషి లేడు.

మగ్గం మీద ఉప్పలమ్మ పాత చీర కప్పి ఉంది. అత్త చీర ఎత్తింది. కింద సగం నేసిన ఎర్ర చీర, దాని మీద దుమ్ము. నేతగాడు కూర్చునే పలక మీద ఒక చిన్న స్పీకరు, పక్కన చార్జింగ్ పెట్టిన పాత ఫోను. చప్పుడంతా అందులోంచే వస్తోంది.

అత్త నమ్మలేదు. గుంటలోకి వంగి చూసింది. మంచం కింద చూసింది. వంటింట్లోకి వెళ్లి వచ్చింది. "మిషిన్ ఏడ పెట్టిండే?" అంది.

"అత్తమ్మా, ఇదే" అని ఫోను చూపించాను. తెర మీద బొమ్మ ఉంది. కొందరు ఆడా మగా ముఖాలకు సున్నం పూసుకుని, చేతుల్లో చెక్కలు, గొట్టాలు, కుండలు పట్టుకుని నిలబడ్డారు. కింద పేర్లు చదివాను. బృందం పేరు మూగాట. ఆల్బం పేరు ఏడు చెక్కలు. ఇనుప గొట్టాలది ఒకటి, కుండలది ఒకటి, ఇలా వరసగా ఉన్నాయి. చెక్కలది మాత్రం అయిపోగానే మళ్లీ అదే వచ్చేలా పెట్టి ఉంది.

"పాడెటోడు ఏడి?" అంది అత్త.

"పాట లేదత్తమ్మా. కొట్టుడే."

"పాట లేకుండ కొట్టుడెందుకు? ఏదో దాస్తున్నరు" అంది. అప్పుడు కూడా ఆమెకు ఆ సున్నం ముఖాల మీదే అనుమానం. ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నది. చాలాసేపు విన్నది. ఆమె కుడికాలు మగ్గం తొక్కినట్టు నేల మీద తొక్కుతోంది. ఆమెకు తెలియకుండానే తొక్కుతోందని నాకు తెలిసింది.

అప్పుడే నా చూపు గోడ మీద పడింది. చిలక్కొయ్యకు ఉతికిన నీలం చొక్కా వేలాడుతోంది. భుజాల మీద పట్టీలు, జేబు మీద సెక్యూరిటీ అని కుట్టిన గుడ్డ. గూట్లో నొప్పి నూనె సీసాలు వరసగా ఉన్నాయి. భుజానికి కట్టుకునే పట్టీ ఒకటి, జిడ్డు పట్టి ఉంది. అత్త ఒక్కొక్కటీ చూసింది. చూసి నేల మీద చతికిలబడింది.

బయట తలుపు మీద గుద్దుతున్నారు. "శారదమ్మా! ఏముంది లోపల? తలుపు తియ్!"

ఇన్నేళ్లు ఆమె దండం పెట్టి అడిగింది ఆ గడియకు అవతల నిలబడి ఉంది. గడియ తీస్తే చాలు. గేటుకాడ కార్డు చూపెడతవా అని మా ఆయన్ను అన్నవాడు, ఇప్పుడు గేటు దగ్గరే నిలబడుతున్నాడు. నా చేతులు ఊరుకోలేదు, నిజం చెబుతున్నాను, నేనైతే తీసేదాన్ని.

అత్త లేచింది. "ఆ డబ్బా ఆపు" అంది. ఆపాను. స్పీకరును, ఫోనును బియ్యం డ్రమ్ములో పెట్టించింది. చొక్కా తీసి మడిచి పక్కబట్టల కింద తోసింది. కొంగుతో పలక తుడిచి, గుంటలో దిగి కూర్చుంది. అమావాస్య నాడు, ఆమె!

"ఇగ తియ్ తలుపు" అంది.

తీశాను. విజేందర్, లింగయ్య, వెనక వాడంతా. గుంటలో శారదమ్మను చూసి అందరూ ఆగిపోయారు.

"నేనే" అంది. "వాడు ఊరికి పోయిండు. మగ్గం ఊకె ఉందని కూసున్న. అమావాస్య యాదికి లేదు."

"నువ్వు ఇప్పుడే గద మాతోటి బయట నిలవడ్డది?" అన్నాడు లింగయ్య.

అత్త తడుముకోలేదు. "నేను గాకుంటే నా కోడలు అనుకో" అంది. "నేర్పుదమని కూసోవెట్టిన. మీరు మొత్తుకుంటే భయపడి తీయలే. తప్పు నాది."

నేను పొద్దటి నుంచి వీధిలోనే ఉన్నాను. కొందరైనా చూశారు. పాలలో నీళ్లు కనిపెట్టే మా అత్త తన అబద్ధంలో ఇన్ని చిల్లులు చూసుకోలేదు. వాళ్లు ఆమెనూ, నన్నూ మార్చి మార్చి చూశారు. ఊరందరినీ ఆమె ఎలా చూస్తుందో అలాగే చూశారు. "పొద్దుగూకంగ గుడికాడికి రాండ్రి" అని విజేందర్ వెళ్లిపోయాడు.

ఇంట్లోకి రాగానే నేను ఊరుకోలేదు. "ఎందుకత్తమ్మా? మీ కొడుకును ఎట్ల నిలవెట్టిండో మరిచిపోయిర్రా?"

"మర్వలే" అంది. "మరమగ్గం పట్టుకుందామని పోయిన. వానికి మగ్గమే లేకపాయె. లేనోన్ని ఏం పట్టుకుంటమే?" ఆ తర్వాత అన్నం తినలేదు.

సాయంత్రం గుడి దగ్గర అందరూ కూర్చున్నారు. ఒకప్పుడు మా ఆయన నిలబడ్డ చోటే అత్త నిలబడింది, పక్కన నేను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి సంగతి విని ఒక మూల కూర్చున్నాడు. విజేందర్ గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు వీధి మధ్యలోంచి సిద్దయ్య వచ్చాడు. బస్సు దిగగానే ఎవరో చెప్పి ఉంటారు. రోజూ పోయి వచ్చే వెనక సందులోంచి ఇంటికి పోలేదు. అలాంటిదే ఇంకో నీలం చొక్కా మీదే, కాళ్లకు బూట్లతో, టోపీ చేతిలో పట్టుకుని నేరుగా వచ్చి గుడి మెట్ల కింద ఆగాడు. ఆయన్ను ఆ వేషంలో వాడ చూడడం అదే మొదలు.

"వదినె నెయ్యలే. ఎవ్వలు నెయ్యలే" అన్నాడు. "నా మగ్గం ఆగి నెలలు దాటింది. భుజం లేస్తలేదు. బీబీనగర్ దిక్కు గోదాము గేటుకాడ ఉంటున్న. ఆడ అమావాస్య లేదు, పున్నం లేదు. అందుకే మరిచిన."

"మరి చప్పుడు?" అన్నాడు లింగయ్య, ఇంకా నమ్మకుండా.

"గోదాముల ప్రోగ్రాం అని ఒక జట్టు వచ్చింది. మొఖాలకు సున్నం. పేరడిగితే చెప్పరు, ఒక్క మాట మాట్లాడరు. దొంగలనుకుని నేనే గేటుకాడ ఆపిన. సంచులు ఇప్పి చూసిన. చెక్కలు, గొట్టాలు, పల్గిన కుండలు. నాకు ఇంకింత అనుమానం. సారు చెప్తె ఇడిసిన." ఆయన లింగయ్య వైపు తిరిగాడు. "వాళ్లు చెక్కలు కొట్టవట్టిర్రు. నా కాళ్లు ఆగలే. గేటుకాడ నిలవడి, గుంటల తొక్కినట్టు తొక్కిన. వాళ్లల్ల ఒకామె చూసింది. పోయేటప్పుడు గా ఆల్బం నా ఫోన్ల ఏసి పోయింది. మగ్గం చప్పుడు ఆగితే మీరేమంటరో నాకెరుకే. గట్ల అన్నది నేనే గద అందర్ని."

జనం గుసగుసలాడారు. పాట లేని పాటేమిటని ఒకరు, మరమగ్గం దాచడానికి ఇదో కథ అని ఇంకొకరు. మా ఆయన నన్ను చూశాడు. నేను వెళ్లి బియ్యం డ్రమ్ములోంచి ఫోను, స్పీకరు తెచ్చాను. గుడి మెట్టు మీద పెట్టి మొదటి నుంచి నొక్కాను.

ముందు ఇనుప గొట్టాలు మోగాయి. తర్వాత కుండలు. ముసలివాళ్లు మొహాలు చిట్లించారు. ఆ తర్వాత చెక్కలు వచ్చాయి. ఒకటి మెల్లగా, దాని మీద ఇంకొకటి, ఇంకొకటి. వాడలోని మగ్గాలన్నీ ఒక్కసారి ఆడినట్టు వినబడింది. లింగయ్య కళ్లు మూసుకున్నాడు. అరుగు మీద కూర్చున్నవాళ్ల పాదాలు కదులుతున్నాయి. ఆ వాడలో ఇప్పుడు నిజంగా ఆడే మగ్గాలు ఎన్నో అక్కడున్న అందరికీ తెలుసు.

అయిపోయాక కూడా సిద్దయ్య తల వంచుకుని మెట్ల కింద అలాగే నిలబడ్డాడు. అత్త కోరుకున్నది అక్షరాలా జరిగింది. ఆమె చూడలేక ముఖం గుడి వైపు తిప్పుకుంది.

మా ఆయన లేచి వెళ్లాడు. సిద్దయ్యను తిడతాడో, కొడతాడో అని నేను రెండడుగులు ముందుకు వేశాను. ఆయన సిద్దయ్య చేతిలోంచి టోపీ తీసుకుని, వెనక్కి వచ్చి తాను కూర్చున్న చోటు తుండుతో దులిపాడు.

"కూసో చిన్నాయినా" అన్నాడు. "పొద్దుగాల సంది నిలవడే ఉంటివి."